ఎంగిలి పడని మూట

మా వాడి పొలం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఒక్క కంకి ఎంత ఎత్తుందో మడిలో ఉన్న కంకులన్నీ అంతే ఎత్తు. అన్నీ ఒకేసారి ఈనుతాయి, ఒకేసారి పండుతాయి, తెగులొస్తే అన్నీ కలిసికట్టుగా పోతాయి. వాడు వాగుకు అవతల, తెలంగాణ వైపు, విత్తనాల పొలాల్లో కూలి చేసి పెరిగినవాడు. పామేడు దాకా సడకు పడిందని, ఇక భయం లేదని నన్ను వెంటబెట్టుకుని మళ్ళీ మా పాత ఊరికి వచ్చాడు. అడవి కమ్మేసిన చేను కొట్టి నాలుగు మళ్ళు చేశాడు. విత్తనం మాత్రం దుకాణంలో కొన్న సంచే.

మొన్న పొద్దున నేను ఎండలో కూర్చుని ఉంటే గట్టు మీద నుంచి కేకేశాడు.

"అమ్మా, ఊకె కూసునే బదులు జర మడిల దిగరాదు? ఎత్తుగ లేసినయి, మీసాలున్నయి, రంగు తేడా ఉన్నయి, అన్నీ బెరుకులే. పీకి గట్టు మీదెయ్యి."

బెరుకులంటే వేసిన రకం కాకుండా మధ్యలో మొలిచే కల్తీ మొక్కలు. వాటిని ఏరిపారెయ్యడం వాడు అక్కడ నేర్చుకున్న పని. తిట్టుకుంటూనే దిగాను. కాసేపటికి ఒకటి కనపడింది. పక్కవాటికన్నా జానెడు ఎత్తు, గింజ చివర పొడుగాటి ఎర్ర మీసం. పీకాను. పీకి, గట్టు మీద వెయ్యకుండా అలాగే నిలబడిపోయాను. మా చిన్నప్పుడు ఈ లెక్కన ఏరితే పొలంలో గట్లు తప్ప ఏమీ మిగిలేవి కావు.

"ఏందమ్మా, ఏమైంది? పామా?" అని అరిచాడు.

"పాము గాదు, నీ తలకాయ" అన్నాను. వాడితో అంతకన్నా ఏం చెప్పను? వాడికి తొందర, నాకేమో మాట మొదలుపెడితే పొద్దుగూకుతుంది. అందుకే రాస్తున్నాను. నాకు చదువు హిందీలో వచ్చింది, తిట్లు తెలుగులో వచ్చాయి, పాటలు మా ఇంటి భాష దోర్లీలో వచ్చాయి. తెలుగు అక్షరాలు తర్వాతెప్పుడో అవతలి ఒడ్డున నేర్చుకున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

మా పాత ఇంట్లో పొయ్యికి సరిగ్గా పైన వెదురు తడికతో ఒక అటక ఉండేది. అటక నిండా విత్తనాల మూటలు. విస్తళ్ళు కుట్టే అడ్డాకు ఉంటుంది చూడండి, ఆ ఆకు పొరలు పొరలుగా పరిచి, లోపల వడ్లు పోసి, నారతో బిగించి కడితే గుమ్మడికాయంత గుండ్రటి మూట అయ్యేది. కింద పొయ్యి పొగ వాటికి నిత్యం తగులుతుండేది. పొగ తగిలితే పురుగు పట్టదు. ఏడాది తిరిగేసరికి మూటలు నల్లగా నిగనిగలాడేవి. పొగ, ఎండుటాకు, పక్కనే బుట్టలో ఊరుతున్న ఇప్పపువ్వు, ఆ మూడూ కలిసిన వాసన మా ఇంటిది. ఎన్ని ఇళ్ళు మారినా ఆ వాసన మళ్ళీ నాకు దొరకలేదు.

అటక మా నాయినమ్మ రాజ్యం. నాయిన తల్లి. మనిషి గుప్పెడంత, గొంతు మాత్రం వాగు అవతలికి వినపడేది. ఒక్కో మూటలో ఒక్కో రకం వడ్లు, ఒక్కో రకానికీ ఒక్కో గుణం. వాటి గుణగణాలు నాయినమ్మ చుట్టాల గురించి చెప్పినట్టే చెప్పేది.

"ఇది బురద మడిది. మెడ దాక నీళ్ళొచ్చినా తల పైకి పెట్టుకునే ఉంటది, మొండిది. ఇది మీసాలది. పంది మూతి పెడితె గుచ్చుకుంటది, దాని జోలికి రాదు. ఇగో, ఇది ఎర్రది, బాలింతలకు. నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మ ఇదే తిన్నది, అందుకే నీకింత నోరు."

ఒక రకానికి ఆకే ఊదారంగు. మడిలో అడవి వరి ఎక్కువైపోయిన ఏడు నాయినమ్మ ఆ మూట దింపేది. అడవి వరీ మన వరీ చిన్నప్పుడు అచ్చం ఒకేలా ఉంటాయి, కలుపు తీసేవాళ్ళు పోల్చుకోలేరు. ఊదారంగుది చల్లితే పచ్చగా కనపడిందల్లా కళ్ళు మూసుకుని పీకెయ్యొచ్చు. మరో రకం పేలాలకు తప్ప ఎందుకూ పనికిరాదు. ఇంకోటి ఉడుకుతుంటే ఆ వాసనకు పక్కింటివాళ్ళు నిప్పు కావాలనో ఉప్పు కావాలనో ఏదో వంకతో వచ్చి కూర్చునేవాళ్ళు. మా అన్నకూ నాకూ మాత్రం మీసాలదే ఇష్టం. దాని కంకి చొక్కా చేతిలో దూర్చి చెయ్యి ఊపితే, మీసాలు గుచ్చుకుంటూ దానంతటదే చంకదాకా పాకుతుంది. అన్న నా జాకెట్టులో దూర్చాడని నేను వాడి లాగులో దూర్చాను. ఆ రోజు వాడు ఊరంతా గెంతాడు.

మా వైపు కొత్త కోడలు పుట్టింటి నుంచి ఒక విత్తనాల మూట తెచ్చుకోవాలి. అమ్మది కొండ మీది పల్లె. ఆమె తెచ్చింది గట్టు వడ్లు. మొక్క మోకాలెత్తు దాటదు. గింజ పొట్టి, లావు. అన్నం ముతక, చల్లారితే రాయి. అయితే దానికి నిలవ నీళ్ళక్కర్లేదు, రాళ్ళ వాలు మీద చల్లినా వస్తుంది. మిగతా రకాలు ఇంకా పొట్ట మీద ఉన్నప్పుడే అది కోతకొస్తుంది.

నాయినమ్మకు ఆ మూటంటే చులకన. "మీ ఊళ్ళె దీన్ని మనుషులు తింటరా, కోళ్ళకేస్తరా?" అనేది.

"కోళ్ళు తినంగ మిగిలిందే పెండ్లినాడు నీ కొడుక్కు పెట్టినం అత్తా. లొట్టలేసుకుంట తిన్నడు" అనేది అమ్మ తల ఎత్తకుండానే.

ఎన్ని అన్నా ఆ మూట కూడా అటక మీద మిగతావాటి పక్కనే ఉండేది. ఒక విషయంలో మాత్రం అత్తాకోడళ్ళది ఒకటే మాట. విత్తనం మూటలోంచి ఒక్క గింజ నోట్లో పడినా మూటంతా ఎంగిలి. ఎంగిలి విత్తనాన్ని భూమి తీసుకోదు, అది మొలవదు. తినే వడ్లు వేరే గుమ్మిలో ఉండేవి. అవి అయిపోతే దుంపలు తినాలి, ఆకులు తినాలి, అటక వంక చూడకూడదు. అటక కింద నుంచి నడిచేటప్పుడు ఏదైనా నములుతూ కనపడితే నాయినమ్మ వీపు మీద ఒక్కటిచ్చేది. ఈ మాట ఆమెకు వాళ్ళ అత్త చెప్పింది, ఆ అత్తకు మరో అత్త. వాన పడితే తడుస్తాం అన్నంత మామూలుగా మేం దాన్ని నమ్మేవాళ్ళం. పొట్ట కాలినా విత్తనం మిగలాలని ఎవరో ఏనాడో పెట్టిన కట్టుబాటు అయి ఉండొచ్చని నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

నాయినమ్మ చెప్పే మిగతా కబుర్లు నమ్మాలో లేదో ఎవరికీ తెలిసేది కాదు. పడుచుతనంలో పులి గుమ్మంలోకి వచ్చి నిప్పడిగితే కొరివిచ్చి పంపానని చెప్పేది. తేనెటీగలు తనకు దారి చెప్పాయనేది. మేం నోళ్ళు తెరుచుకుని వింటుంటే అమ్మ పొయ్యి దగ్గర నుంచి "ఆఁ, పులి మళ్ళ కొరివి తెచ్చి అప్పజెప్పి పోయింది గద" అని ఎగతాళి చేసేది. అమ్మ దృష్టిలో ఆమె నోట వచ్చేవన్నీ కట్టుకథలే, ఎంగిలి మాట తప్ప.

నాకు పాలపళ్ళు ఊడుతున్న ఏడు. తమ్ముడు గోడ పట్టుకుని నిలబడుతున్నాడు. విత్తనాల పండుగ ఎప్పటిలాగే చేశారు. ఊరి పెద్ద ఇంటింటి నుంచి గుప్పెడు గుప్పెడు వడ్లు తెప్పించి, అన్నీ ఒకచోట కలిపి, మళ్ళీ ఆకు దొప్పల్లో అందరికీ పంచాడు. జీలుగు కల్లు తాగి మగవాళ్ళు పాడారు. ఎర్ర చీమల పచ్చడి నాలుక మీద మండితే అన్న ఏడ్చాడు, నేను నవ్వాను. ఆ ఇంట్లో నేను బాగా నవ్విన ఆఖరి రోజు బహుశా అదే.

మృగశిర కార్తెలో మంచి వాన పడింది. అందరూ చల్లారు. మొలకలు వచ్చాయి, వాన పోయింది. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉండేది, మబ్బు ముక్క లేదు. మొలకలు ఎర్రబడి మాడిపోయాయి. పునర్వసులో నాలుగు చినుకులు పడగానే నాయినమ్మ తన మూటల్లో మిగిలినవన్నీ దింపించింది. బురద మడిది, మీసాలది, ఎర్రది, ఊదాది, అన్నీ చల్లించింది. ఈసారి పుష్యమిలో వాన మొదలై ఆగలేదు. వాగు మళ్ళమీదికి వచ్చింది. మెడదాకా నీళ్ళొచ్చినా తల ఎత్తుకుని ఉండే వడ్లకు కూడా ఇంకా మెడ రాలేదు, వేలెడు మొలకలు. నీళ్ళు తీశాక చూస్తే మళ్ళనిండా ఇసుక.

వాన మొదలవడానికి ముందే నాయిన బియ్యం కోసం అవతలి ఒడ్డుకు వెళ్ళాడు. వాగు పొంగాక రావడానికి దారి లేదు. ఇవతల బీజాపూర్ వైపు కూడా బాట తెగిపోయింది. ఊళ్ళో ఎవరింటికి పోయి చెయ్యి చాచుదాం? అందరి గుమ్ములూ అలాగే ఉన్నాయి. మేం వెదురు కొమ్ములు తిన్నాం. చేదు దుంపల్ని వాగులో నానబెట్టి తిన్నాం. మామిడి టెంకల్లో జీడి కొట్టి, కడిగి కడిగి, జావ కాచుకున్నాం. అది గొంతులో పట్టుకునేది. అన్నా నేనూ ముక్కు మూసుకుని తాగేవాళ్ళం. తమ్ముడికి పడలేదు. అమ్మకు పాలు ఎండిపోయాయి. టెంకల జావ పోస్తే వాడికి విరేచనాలు. పొట్ట ఉబ్బింది, కాళ్ళు పుల్లలయ్యాయి. గోడ పట్టుకుని నిలబడడం మానేశాడు. కూర్చోబెడితే పక్కకు ఒరిగిపోయేవాడు.

అటక మీద ఒక్కటే మూట మిగిలింది. అమ్మ గట్టు వడ్లు.

ఆశ్లేష కార్తె వచ్చేసింది. అప్పుడు వేరే ఏ రకం చల్లినా గింజ పాలు పోసుకునే వేళకు నేలలో తడి ఉండదు, గింజ పట్టని తాలు తప్పలే మిగులుతాయి. అంత ఆలస్యంగా చల్లి, చలి ముదరక ముందే కోసుకోగలిగింది ఒక్క గట్టు వడ్లే. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. అప్పటికి ఊళ్ళో ఇంకెవరి దగ్గరా ఆ విత్తనం లేదు.

ఆ రోజు వాన వెలిసి ఎండ కాసింది. అమ్మ అటక మీది మూట దింపి గుమ్మంలో పెట్టి, చేను తవ్వడానికి పార వెతుకుతోంది. నాయినమ్మ తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వాడు ఏడవడం కూడా లేదు. నాయినమ్మ ఉన్నట్టుండి అంది:

"పిల్లా, ఆ మూట విప్పు. దంచు. పోరడికి గంజి కాద్దాం."

అమ్మ పార వెతుకుతూనే ఉంది.

"నిన్నేనే. వీని కడుపుల బియ్యపు గంజి తప్ప ఏది నిలవదు. నాకు తెల్సు. నేను ఆరుగుర్ని కన్న, నలుగుర్ని మట్టిల పెట్టిన. ఈ చూపు నేను ఎరుగుదు. ఒక్క దోసెడు తియ్యి, మిగిలింది చల్లుకో."

"ఒక్క గింజ నోట్ల పడితె మూటంత ఎంగిలని నువ్వేగద చెప్పినవ్ అత్తా."

"చెప్పిన. తియ్యమని కూడ నేనే చెప్తున్న. పాపమేమన్న ఉంటె నా నెత్తిన పడనీ."

"పాపం నీ నెత్తిన పడితె చేను మొలుస్తదా?" అమ్మ అప్పుడు తిరిగింది. ముఖం పాలిపోయి ఉంది. "ఎంగిలిది మొలవకపోతే ఈ ఇద్దర్ని ఏం పెట్టి బతికిస్తవ్? నీ కొడుకు వస్తడో, వాగుల పోయిండో తెల్వదు. ఉన్నది ఈ ఒక్క మూట."

ఈ ఇద్దరు అంటే అన్న, నేను. గుమ్మం పక్కన నిలబడి ఉన్నాం.

నాయినమ్మ ఒళ్ళో వాడి తల సర్దింది. తర్వాత గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గించడం నేను అదే మొదటిసారి వినడం.

"మొలుస్తది. నీకొకటి చెప్త ఇను. మీ మామ సచ్చిన ఏడు నీ మొగడు నా కడుపుల ఉన్నడు. ఆకలికి ఆగలేక, ఎవరు లేంది చూసి బురద వడ్ల మూట విప్పిన. దోసెడు తీసి దంచుకుని తాగిన. మళ్ళ ఎట్లున్నది అట్ల కట్టి పెట్టిన. ఆ వడ్లే చల్లిన. అన్నీ మొలిచినయి, ఒక్క గింజ పోలే. ఈ ముచ్చట ఇప్పటిదాక ఎవ్వరికి చెప్పలే."

అమ్మ ఆమె వంక చూసింది. చాలాసేపు చూసింది. నమ్మాలని ఎంత కోరుకుందో ఆ ముఖంలో కనపడింది. నేను చిన్నదాన్నే, కానీ అది నాకు తెలిసింది.

"ఇన్నేండ్లు లేంది ఇయ్యాల్నే గుర్తొచ్చిందా అత్తా?" అంది చివరికి. "పులి కథ లెక్కనే ఇది గూడ అల్లినవ్. వీని కోసం అల్లినవ్. నాకు తెల్సు."

"మా అమ్మ మీద ఒట్టు."

"ఒట్లెయ్యకు. నా వల్ల కాదు. నేను చల్లుత."

మూట నెత్తిన పెట్టుకుని, పార పట్టుకుని వెళ్ళిపోయింది. ఎద్దులకు లేచే బలం లేదు. రాళ్ళ వాలు మీద ఒక్కతే తవ్వింది, ఒక్కతే చల్లింది. కాసేపటికి నాయినమ్మ తమ్ముణ్ణి నా ఒళ్ళో పెట్టి, తిట్టుకుంటూ శాపనార్థాలు పెడుతూ వెళ్ళి, అమ్మ చల్లిన చోటల్లా పాదంతో మన్ను కప్పింది. ఇంటి ముందు నుంచి నాకు ఇద్దరూ కనపడుతున్నారు. ఒకరి వెనక ఒకరు. నా ఒళ్ళో వాడు ఎంత తేలిగ్గా ఉన్నాడో ఇప్పటికీ నా తొడలకు గుర్తుంది.

గట్టు వడ్లు బాగా మొలిచాయి. కలుపు తీసే అదనుకు తమ్ముడు పోయాడు. మధ్యాహ్నం పూట. నాయినమ్మ నన్ను చేనికి పంపింది. "అమ్మా, నాయినమ్మ రమ్మంటుంది" అన్నాను, అంతకన్నా నోరు రాలేదు. అమ్మ చేతిలో కలుపు గట్టు మీద పెట్టింది. గుంటలో నీళ్ళతో చేతులు కడుక్కుంది, వేళ్ళ సందుల్లో మన్ను కూడా పోయేదాకా కడుక్కుంది. అప్పుడు బయల్దేరింది. ఇంటికొచ్చి వాణ్ణి ఎత్తుకుంది. పాలు తాగే పిల్లల్ని మా వైపు ఇప్పచెట్టు మొదట్లో పూడుస్తారు, చెట్టు పాలిస్తుందని. పూడ్చి వచ్చాక ఆ సాయంత్రమే మళ్ళీ చేనికి పోయి మిగిలిన సాలు కలుపు తీసింది.

ఊరు ఊరుకుంటుందా? నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు అన్న మాట నా చెవిన పడింది. "కడుపున పుట్టినోని కన్న వడ్లే ఎక్కువాయె దానికి." నేను ఇంటికొచ్చి చెప్పలేదు గానీ ఎలాగో తెలిసింది. నాయినమ్మ ఊరి మధ్యలో నిలబడి ఆ పొద్దంతా అందరి పుట్టుపూర్వోత్తరాలూ బయటికి తీసి తిట్టింది. మళ్ళీ ఎవరూ నోరెత్తలేదు.

వాగు తీశాక నాయిన వచ్చాడు. భుజం మీద సగం సంచి బియ్యం. గుమ్మంలో దించి, చెమట తుడుచుకుని, "చిన్నోడేడి?" అన్నాడు. సంచి వంక చూసి, నాయినమ్మ వంక చూసి, ఆయనే అర్థం చేసుకున్నాడు. ఆ బియ్యంతోనే పంట దాకా ఈదాం. కొన్నాళ్ళు ముందు వచ్చి ఉంటే అని నాయిన బతికినంత కాలం అనుకున్నాడు. నాకు ఎవరి మీద కోపం రావాలి? వాగు మీదా? నాయిన మీదా? అమ్మను పట్టుకుని ఆపని నాయినమ్మ మీదా? చాలా ఏళ్ళు అందరి మీదా వచ్చింది.

ఆ ఏడు ఊరి మొత్తంలో పండిన చేను మాదొక్కటే. అన్నా నేనూ మంచె మీద కూర్చుని ఒడిసెలతో పిట్టల్ని కొట్టాం. కొత్తల పండుగకు అమ్మ గట్టు వడ్లు దంచి వండింది. దేవుడికి పెట్టాక అందరికీ ఆకుల్లో వడ్డించింది. ఆ ముతక అన్నాన్ని మేం ఎలా తిన్నామో చెప్పడానికి సిగ్గేస్తుంది. ఆకులు కూడా నాకాం. అమ్మ తినలేదు. "కడుపుల మంట" అంది. ఆ తర్వాత కూడా ఏ ఏడూ తినలేదు. తన వంతు గట్టు వడ్లు పొరుగూరివాళ్ళకు ఇచ్చి వేరే రకం తెచ్చుకుని వండుకునేది. నాయినమ్మ చూసేది, ఏమీ అనేది కాదు. గట్టు వడ్లను కోళ్ళ మేత అనడం కూడా అప్పటితో మానేసింది.

ఊళ్ళో వాళ్ళంతా ఒకరొకరే వచ్చి విత్తనం అడిగారు. నీళ్ళ దగ్గర ఆ మాట అన్నవాళ్ళు కూడా వచ్చారు, తల దించుకుని. అమ్మ అందరికీ కొలిచి ఇచ్చింది. ఒక్కరికి కూడా లేదనలేదు, ఒక్క మాట కూడా అనలేదు. రెండేళ్ళకు ప్రతి వాలు మీదా అవే వడ్లు.

నేను ఆశ్రమ పాఠశాల హాస్టల్లో ఉన్నప్పుడు నాయినమ్మ మంచాన పడింది. సెలవులకు వచ్చిన నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. మాట బాగా తగ్గిపోయింది. కాళ్ళు పడుతుంటే, ఎన్నాళ్ళ నుంచో గొంతులో ఉన్నది అడిగేశాను.

"నాయినమ్మా, ఆ దోసెడు వడ్ల ముచ్చట నిజమేనా?"

ఆమె కళ్ళు తెరిచింది. అమ్మ ఇంట్లో లేదు, నీళ్ళకు పోయింది. అది చూసుకుని గానీ నోరు విప్పలేదు.

"నిజమే బిడ్డా. అన్నీ మొలిచినయి. నీ అయ్య కూడ ఆ గంజి మీదనే నా కడుపుల నిలిచిండు."

"అమ్మకు చెప్పినవా?"

"పోయినేడు అడిగింది. గట్ల ఒట్టేసినవ్ గదా అత్తా, నిజమా అబద్ధమా చెప్పుమన్నది." నాయినమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆ చేతిలో ఇంకా బలం ఉంది. "అబద్ధమన్న. పోరని మీద పాణం కొద్ది అల్లిన, మొలిచేది కాదు, నువ్వు చేసిందే సరైందని చెప్పిన. రేపు నేను పోయినంక నిన్నడుగుతది. నువ్వు కూడ గట్లనే చెప్పు."

నేను ఏడ్చాను. "ఏడుస్తవేందే, సచ్చేది నేను గద" అని కసిరింది. ఆ సెలవులు అయిపోక ముందే పోయింది.

తర్వాత చాలా ఏళ్ళు గడిచాయి. నాకు ఆ ఊళ్ళోనే పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, నాయిన పోయాడు. ఆ తర్వాత గొడవల కాలం వచ్చింది. మా ఊరు తగలబడింది. ఎవరు తగలబెట్టారని అడగకండి. ఆ రోజుల్లో అది అడిగినవాళ్ళకూ చెప్పినవాళ్ళకూ మంచి జరగలేదు. పిల్లల్నీ, వంట గిన్నెనూ, ముసలి అమ్మనూ పట్టుకుని అడవిలో పడ్డాం. వెనక్కి తిరిగి చూస్తే ప్రతి ఇంటి మీదా పొగ. అటకల మీది మూటలన్నీ ఒకేసారి కాలుతున్నాయి. వడ్లు పేలుతున్న వాసన గాలికి మా దాకా వచ్చింది, పేలాలు వేయిస్తున్న వాసన. ఆకలి మీద ఉన్న నా చిన్న కొడుకు ముక్కు ఎగబీల్చి "అమ్మమ్మా, ఏం వండుతున్నరు?" అని అడిగాడు. అమ్మ వాడి నోరు మూసింది.

అన్ని ఇళ్ళూ పోయాయి కాబట్టి గట్టు వడ్లు ఇచ్చేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అమ్మ పుట్టింటి పల్లె కూడా ఖాళీ అయిపోయింది. అవతలి ఒడ్డున అడవిలో గుడిసెలు వేసుకున్నాక, ఎవరు కనపడినా అమ్మ అదే అడిగేది. ఇంటి నుంచి ఏమైనా తెచ్చుకున్నారా, గుప్పెడన్నా, ఒక కంకి అన్నా. ఎవరి దగ్గరా లేవు. కొన్నాళ్ళకు అడగడం మానేసింది. మాట్లాడడం కూడా తగ్గిపోయింది. కూర్చున్న చోటే కూర్చుని మట్టి గీకుతుండేది. బిడ్డను ఇచ్చి ఏ విత్తనాన్ని నిలబెట్టిందో, ఆ విత్తనమే లేదు. ఆమె ఆ లెక్క లోలోపల వేసుకుంటోందని నాకు తెలుస్తూనే ఉంది.

ఒకరోజు మధ్యాహ్నం గుడిసె ముందు రేషన్ బియ్యం చేటలో పోసుకుని రాళ్ళు ఏరుతోంది. నేను పొయ్యి రాజేస్తున్నాను. తల ఎత్తకుండా అడిగింది.

"బిడ్డా, మీ నాయినమ్మ నీకేమన్న చెప్పిందా?"

"ఏం ముచ్చటమ్మా?"

"ఎంగిలి మూటది. ఆ దోసెడు వడ్లది. నాకైతే అబద్ధమని చెప్పింది. నన్ను చూసి జాలికి చెప్పిందో, నిజంగనే చెప్పిందో. నువ్వంటె దానికి పాణం. నీకు నిజమే చెప్పి ఉంటది."

ఆమె చేతులు చేటలో ఆగిపోయి ఉన్నాయి. అంత వయసు మనిషి, చిన్నపిల్లలా నా నోటివంక చూస్తోంది.

"అబద్ధమేనమ్మా" అన్నాను. "నాకు కూడ అట్లనే చెప్పింది. పులి ముచ్చట లెక్కనే అల్లిందట. ఎంగిలి చేసి ఉంటే ఒక్కటి మొలిచేది కాదన్నది. అన్నా నేనూ బతికేవాళ్ళం కాదన్నది."

అమ్మ చేటలోంచి ఒక రాయి ఏరి పక్కన పడేసింది. తర్వాత తల ఊపింది.

"ముసల్ది, గంత ఒట్టు ఎట్లేసిందో" అంది. అని, కొంగు నోట్లో కుక్కుకుని, ఎన్నేళ్ళ తర్వాతో, బిగ్గరగా ఏడ్చింది. తమ్ముడు పోయిన రోజు ఏడవని ఏడుపు అది. నేను పట్టుకోబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. ఏడుపు తీరాక ముక్కు తుడుచుకుని, చేటలో బియ్యం ఎసట్లో పోసింది.

అమ్మ పోయి ఇప్పటికి చాలా కాలమైంది. అన్న కూడా లేడు. ఆ దోసెడు వడ్లు మొలిచాయని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. ఇన్నాళ్ళూ నా కొడుక్కి కూడా చెప్పలేదు. ఇది చదివే మీలో ఎవరికీ మా అమ్మ తెలియదు, అందుకే మీకు చెప్పాను.